శిక్ష గురించి చెప్పుకునేదేమైనా ఉందా?

సెషన్సు కోర్టులో నేరం రుజువైందని జడ్జిగారు చదివిన తరువాత, శిక్ష ఎంతో ప్రకటించే ముందు, ముద్దాయిని ముందుకు పిలిచి ఒక ప్రశ్న వేస్తారు: "శిక్ష విషయంలో నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా?" 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 235(2) సెక్షన్ ఈ ప్రశ్నను తప్పనిసరి చేసింది, దాని స్థానంలో ఇటీవల వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత కూడా దాన్ని నిలుపుకుంది. కోనసీమలో ముప్పై ఏళ్ళకు పైగా క్రిమినల్ కేసులు నడిపిన నేను ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు విన్నాను. ముసలి తల్లి ఉందండి, ఆడపిల్ల పెళ్ళికి ఎదిగిందండి, నేను లోపలికి పోతే కౌలు చేను వదిలేసుకోవాలండి. ఆ జవాబు వల్ల శిక్ష తగ్గిన సందర్భాలు తక్కువే. అయినా, మనిషిని ఎదురుగా నిలబెట్టి, అతని మాట విన్న తరువాతే శిక్షను కొలవాలని చట్టం పెట్టుకున్న నియమం మీద నాకు మొదటినుంచీ గౌరవం ఉంది.

2025 ఏప్రిల్‌లో, 'టైగర్ ట్రయంఫ్' అనే ఉమ్మడి విన్యాసాల కోసం అమెరికా సైనికులు విశాఖపట్నానికీ కాకినాడకూ వచ్చిన రోజుల్లో, బంధువుల ఇంట్లో పని ఉండి నేను కాకినాడలో ఉన్నాను. అవి తుపాను, సునామీ వంటి విపత్తుల్లో సహాయం అందించడాన్ని అభ్యసించే విన్యాసాలు. 2019లో మొదటిసారి జరిగినప్పుడు కూడా కాకినాడ తీరాన్నే ఎంచుకున్నారు. వేట నిషేధం మొదలు కావడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది. పూర్వం ఒక కేసులో నా కక్షిదారుగా ఉన్న ఒక బోటు సరంగు ఎదురుపడి, మాటల్లో మాటగా అడిగాడు: "లాయరుగారూ, ఈళ్ళలో ఎవడైనా మనోణ్ణి చంపేశాడనుకోండి, శిక్ష ఎవరేస్తారండీ? మన కోర్టా, ఆళ్ళ కోర్టా?" రెండు ప్రభుత్వాలు ముందుగా రాసుకున్న కాగితాన్నిబట్టి ఉంటుందని చెప్పాను. "ఆయ్, అంటే మనోడు చావకముందే రాసేసుకుంటారన్నమాట," అన్నాడు. ఆ మాటలో సవరించడానికి నాకేమీ దొరకలేదు.

ఇటువంటి కాగితాలకు మాతృక 1951లో నాటో దేశాలు చేసుకున్న ఒప్పందం. దాని ఏడో అధికరణం ప్రకారం, సైనికుడి నేరం తన దేశపు ఆస్తికో భద్రతకో తోటి సైనికులకో మాత్రమే సంబంధించినదైతే, లేదా విధి నిర్వహణలో జరిగినదైతే, విచారణకు మొదటి హక్కు అతన్ని పంపిన దేశానిది. తక్కిన నేరాలన్నిటిలో మొదటి హక్కు ఆతిథ్యమిచ్చిన దేశానిది. చదవడానికి సబబుగానే ఉంది. చిక్కంతా 'విధి నిర్వహణ' అన్న మాట దగ్గరే వస్తుంది, ఎందుకంటే ఆ సమయానికి సైనికుడు డ్యూటీలో ఉన్నాడని సర్టిఫికెట్ రాసిచ్చేది మామూలుగా అతని పై అధికారే. ముద్దాయి ఆ రాత్రంతా మా ఇంట్లోనే పడుకున్నాడని అతని మేనమామ వచ్చి సాక్ష్యం చెబితే మా జడ్జీలు ఎంతవరకు నమ్ముతారో నాకు తెలుసు.

జపాన్‌లో జరిగిన ఒక కేసును కొంచెం వివరంగా చెప్పాలి. 1957 జనవరి 30న గున్మా ప్రాంతంలో, అమెరికా సైన్యం కాల్పులు సాధన చేసుకునే మైదానంలో, వాడేసిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరి అమ్ముకునే ఒక స్త్రీ చనిపోయింది. ఆమె వయస్సు 46, ఆరుగురు పిల్లల తల్లి. రెండు విన్యాసాల మధ్య విరామంలో మెషిన్ గన్‌కు కాపలా ఉన్న విలియం గిరార్డ్ అనే సైనికుడు, తన రైఫిలుకు అమర్చిన గ్రెనేడ్ లాంచరులో ఖాళీ తొడుగు ఒకటి పెట్టి ఆమె వైపు పేల్చాడు. అది వీపులో దిగింది. కాపలా కాయడం విధే కాబట్టి విచారణ మాదేనని అమెరికా సైన్యం అంది. పొట్టకూటికి ఇత్తడి ఏరుకునే ఆడమనిషి మీద పేల్చడం ఏ విధిలోకి వస్తుందని జపాన్ అడిగింది. చివరికి అమెరికా ప్రభుత్వం తగ్గింది. మన కుర్రవాణ్ణి పరాయి కోర్టుకు అప్పగిస్తారా అని అమెరికాలో పెద్ద గొడవ జరిగి, విషయం వాళ్ళ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అప్పగింతకు రాజ్యాంగపరమైన అడ్డంకి లేదని 1957 జులై 11న ఆ కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. జపాన్ సార్వభౌమత్వం గెలిచిందని అందరూ అనుకున్నారు. నవంబరులో మాయెబాషి జిల్లా కోర్టు అతనికి మూడేళ్ళ జైలు శిక్ష వేసి, దాన్ని నాలుగేళ్ళపాటు నిలుపుదల చేసింది. ఒక్క రోజు కూడా ఆ శిక్ష అనుభవించకుండా, అతను డిసెంబరులో స్వదేశానికి ఓడ ఎక్కాడు.

ఎన్నో ఏళ్ళ తరువాత బయటపడిన దౌత్య పత్రాలనుబట్టి తెలిసిందేమిటంటే, అప్పగింతకు ముందే రెండు ప్రభుత్వాల మధ్య లోపాయికారీ అవగాహన ఒకటి కుదిరింది. గాయపరచడం వల్ల మరణం సంభవించిందన్న అభియోగాన్ని మించి జపాన్ మోపకూడదన్నది అందులోని షరతు. కోర్టు వరండాలో నాలుగు రోజులు నిలబడ్డ ఎవరికైనా దీని అర్థం విప్పి చెప్పనక్కరలేదు. ఛార్జిషీటులో హత్యకు పెట్టే 302 ఉండాల్సిన చోట, చంపే ఉద్దేశం లేని ప్రాణహానికి పెట్టే 304 రెండో భాగం పడిందంటే, తీర్పు వచ్చేదాకా ఆగకుండానే మా గుమాస్తా శిక్ష ఎంతో ఉజ్జాయింపుగా చెప్పేసేవాడు. ఏ గడ్డ మీద విచారణ జరగాలన్నదాని మీద దేశాలు బహిరంగంగా కొట్లాడుకుంటాయి. శిక్షను నిజంగా నిర్ణయించే సెక్షన్ నంబరు దగ్గరకు వచ్చేసరికి గది తలుపులు వేసుకుంటాయి.

ఫిలిప్పీన్స్‌లో ఈ బేరం జైలు గది దగ్గర జరిగింది. అమెరికాతో 1998లో చేసుకున్న ఒప్పందం ప్రకారం, విచారణ ప్రక్రియ అంతా ముగిసేదాకా ముద్దాయి అమెరికా అధీనంలోనే ఉండవచ్చు. 2006 డిసెంబరులో ఒక అమెరికా మెరీన్‌కు అత్యాచారం కేసులో మకాతీ కోర్టు 40 ఏళ్ళ శిక్ష వేసి స్థానిక జైలుకు పంపితే, ఆ నెల పూర్తి కాకముందే రాత్రికి రాత్రి అతన్ని అమెరికా రాయబార కార్యాలయానికి తరలించారు. విచారణ కాలపు నిర్బంధం వేరు, శిక్ష పడిన తరువాతి నిర్బంధం వేరు, రెండోది ఫిలిప్పీన్స్ అధికారుల చేతుల్లోనే ఉండాలి అని 2009 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పు అమలయ్యేలోగానే ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. 2014లో ఒలోంగపో పట్టణంలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను చంపిన మరో మెరీన్ మీద హత్య కేసు పెట్టారు. 2015 డిసెంబరులో కోర్టు దాన్ని హత్య కంటే తక్కువ నేరంగా నిర్ధారించి ఆరు నుంచి పన్నెండేళ్ళ శిక్ష వేసింది, తరువాత గరిష్ఠ పరిమితిని పదేళ్ళకు తగ్గించింది. ఆ శిక్షను అతను మామూలు ఖైదీల మధ్య అనుభవించలేదు. సైనిక ప్రధాన కార్యాలయపు ఆవరణలో తనకోసమే కేటాయించిన చోట ఉన్నాడు. 2020 సెప్టెంబరులో, సత్ప్రవర్తనకు లెక్క కట్టి ఇచ్చే తగ్గింపు ప్రకారం అతని శిక్ష పూర్తయిందని కోర్టు అనడంతో పెద్ద దుమారం రేగింది. ఇంతలో దేశాధ్యక్షుడు డుటెర్టె క్షమాభిక్ష ఇచ్చారు, అతను వెళ్ళిపోయాడు. మన రాజమండ్రి సెంట్రల్ జైలులో ఖైదీకి రెమిషన్ రావాలంటే చేసిన పనికీ నడిచిన నడతకూ జైలు అధికారుల రాత ఉండాలి. ఒక్కడికోసం ఏర్పాటు చేసిన జైలులో ఎవరితో కలిసి మెలిగాడని ఆ ప్రవర్తనకు మార్కులు వేశారన్నది మృతురాలి తరఫు లాయర్లు వేసిన ప్రశ్న. ఆ స్థానంలో నేనున్నా అదే ప్రశ్న వేసేవాణ్ణి.

ఇంతవరకు చదివినవారికి నేను సైనికుల పక్షాన ఒక్క ముక్క కూడా మాట్లాడనని అనిపించవచ్చు. వారి భయంలోనూ నిజముంది. జపాన్‌లో పోలీసులు ముద్దాయిని అభియోగం మోపకముందే 23 రోజులదాకా నిర్బంధంలో ఉంచుకుని, లాయరు పక్కన లేకుండానే ప్రశ్నించగలరు. కోర్టుకు వెళ్ళిన కేసుల్లో దాదాపు అన్నీ శిక్షతోనే ముగుస్తాయి. 1995 సెప్టెంబరులో ఒకినావాలో పన్నెండేళ్ళ బాలికపై ముగ్గురు అమెరికా సైనికులు చేసిన ఘోరం తరువాత పదుల వేలమంది వీధుల్లోకి వచ్చినప్పుడు, అభియోగం మోపేదాకా వాళ్ళను అప్పగించనక్కరలేదన్న నిబంధన ప్రజలకు కడుపు మండేలా చేసింది. ఆ నిబంధన పుట్టడానికి మాత్రం పైన చెప్పిన 23 రోజులే కారణాల్లో ఒకటి. ఆ ముగ్గురిలో ఇద్దరికి ఏడేళ్ళు, ఒకరికి ఆరున్నరేళ్ళు పడింది. ప్రాసిక్యూషన్ అడిగింది పదేళ్ళు. ఊరంతా ఉడికిపోతున్న సమయంలో కోర్టు అంతకంటే తగ్గించి ఇచ్చిందంటే, ఆ జడ్జీల నిబ్బరాన్ని నేను తక్కువ చేయలేను. నేరాన్ని తలచుకుంటే మాత్రం ఆ అంకెలు నాకు చిన్నవిగానే కనిపిస్తాయి.

పరాయివాడు కోర్టులో ఎలా నలుగుతాడో నేను కళ్ళారా చూశాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, అంబాజీపేటకు కొబ్బరికాయల లోడుకు వచ్చిన రాజస్థాన్ లారీ ఒకటి కాలవగట్టు రోడ్డు మీద సైకిలు మనిషిని గుద్దింది, మనిషి పోయాడు. డ్రైవరు మీద నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి 304ఎ పెట్టారు, అంటే బెయిలు హక్కుగా దొరికే కేసు. కానీ జామీను ఇవ్వడానికి ఈ ప్రాంతంలో భూమో ఇల్లో ఉన్న మనిషి కావాలి. అతనికి ఇక్కడ తెలిసినవాడే లేడు. అదే నెలలో అదే సెక్షన్ కింద పట్టుబడ్డ మా ఊరి ట్రాక్టరు డ్రైవరు ఆ సాయంత్రానికే ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాడు; ఇతను 52 రోజులు సబ్ జైలులో ఉన్నాడు. చివరికి మెజిస్ట్రేటుగారు, ఆ తరహా కేసులో చట్టం పట్టుబట్టకపోయినా, చెప్పుకునేదేమైనా ఉందా అని అడిగారు. అతనికి తెలుగు రాదు, నా హిందీ సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. అతను మూడు నిమిషాలు మాట్లాడాడు. నేను తెలుగులో చెప్పగలిగింది ఒకే ఒక్క వాక్యం. ఉన్న రోజులే శిక్షగా లెక్కవేసి, జరిమానాతో వదిలేశారు. నాటో ఒప్పందంలో దుబాసీని ఇవ్వాలనీ, తన దేశపు ప్రతినిధిని విచారణకు రానివ్వాలనీ, సాక్షులను ఎదురుగా ప్రశ్నించే హక్కు ఉండాలనీ రాసిన పేరా చదివినప్పుడల్లా ఆ డ్రైవరు ముఖమే గుర్తుకొస్తుంది. సైనికుడికి ఇవన్నీ దక్కాలి. దక్కిన తరువాత, అదే నేరం ఆ ఊరివాడే చేసి ఉంటే పడేది ఏదో అదే శిక్ష పడాలి, అదే జైలులో అనుభవించాలి. జనాగ్రహం పేరుతో ఒక రోజు పెరగకూడదు, సైనిక స్నేహం పేరుతో ఒక రోజు తగ్గకూడదు. నాకు తెలిసిన కొలత ఇదొక్కటే.

ఈ కొలతకు మన దేశమూ అన్నివేళలా నిలబడలేదు. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి సుమారు 20.5 నాటికల్ మైళ్ళ దూరంలో, 'ఎన్రికా లెక్సీ' అనే ఇటలీ చమురు ఓడకు కాపలాగా ఉన్న ఇటలీ నౌకాదళపు మెరీన్లు ఇద్దరు, సముద్రపు దొంగలనుకుని 'సెయింట్ ఆంటొనీ' అనే చేపల బోటు మీద కాల్పులు జరిపారు. ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. భైరవపాలెం, ఓడలరేవు, అంతర్వేది నుంచి వేటకు వెళ్ళేవారికి ఆ దూరం కొత్తేమీ కాదు. ఆ వార్త వచ్చిన రోజుల్లో, పెద్ద ఓడ కనబడితే ఎటు తప్పుకోవాలన్నదే మా రేవుల్లో మాట.

నేరం ప్రాదేశిక జలాల 12 మైళ్ళు దాటి జరిగింది కాబట్టి కేరళ పోలీసులకు అధికారం లేదనీ, కేంద్రం ప్రత్యేక కోర్టు పెట్టాలనీ 2013 జనవరి 18న సుప్రీంకోర్టు చెప్పింది. గీత ఎక్కడ గీస్తే చట్టం అక్కడ మారిపోతుందన్న సంగతి గోదావరి జిల్లాలవారికి ఒకరు నేర్పనక్కరలేదు. 1929 నాటి శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలను నిషేధిస్తే, మన పెద్దలు పిల్లలను వెంటబెట్టుకుని ఫ్రెంచివారి యానాం చేరుకుని, అక్కడ ముహూర్తం పెట్టుకుని, మర్నాటికి ఇంటికి వచ్చేవారు. నేటికీ ఎదుర్లంక వంతెన దాటితే యానాం కేసు అప్పీలుకు మద్రాసు హైకోర్టుకే పోతుంది.

ఆ మెరీన్ల కేసుకు వస్తే, ప్రభుత్వం మొదట 2002 నాటి సముద్రయాన భద్రతా చట్టం, అంటే ఉగ్రవాదాన్ని దృష్టిలో పెట్టుకుని తెచ్చిన, ప్రాణం తీస్తే మరణశిక్ష తప్ప మరొకటి చెప్పని చట్టం ప్రయోగించడానికి సిద్ధపడింది. ఇటలీ గగ్గోలు పెట్టింది, అది న్యాయమైన గగ్గోలే. వాళ్ళను మరణశిక్ష వేయదగ్గవారిగా చూడబోమని ముందు హామీ ఇచ్చి, 2014 ఫిబ్రవరిలో ఆ చట్టాన్నే వదులుకున్నారు. నిజంగా విచారణ జరిగి ఉంటే వాదమంతా శిక్షాస్మృతిలోని 79వ సెక్షన్ చుట్టూ, 300వ సెక్షన్ రెండో మినహాయింపు చుట్టూ తిరిగేదని నా అంచనా: దొంగలని నిజాయతీగా పొరబడ్డారా, ఆత్మరక్షణ హక్కును సదుద్దేశంతోనే దాటారా, లేక కనీసపు జాగ్రత్త కూడా లేకుండా పేల్చారా? జవాబునుబట్టి విడుదల కావచ్చు, పదేళ్ళలోపు జైలు కావచ్చు, యావజ్జీవం కావచ్చు. మరో సంగతి కూడా మరిచిపోలేను. 2012 క్రిస్మస్‌కు ఇంటికి వెళ్ళి రావడానికి కేరళ హైకోర్టు ఆరు కోట్ల రూపాయల హామీ మీద వాళ్ళను రెండు వారాలు పంపింది; చెప్పిన గడువుకు తిరిగి వచ్చారు కూడా. కాకినాడలో రిమాండులో ఉన్నవాడు ఎవడైనా సంక్రాంతికి ఇంటికి పంపమని పిటిషను వేయమంటే, నేను ఫీజు కూడా అడగకుండా నవ్వి ఊరుకునేవాణ్ణి.

తరువాత వ్యవహారం హేగ్‌లోని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. మెరీన్లు తమ రాజ్యం తరఫున విధుల్లో ఉన్నారు కనుక భారత కోర్టుల నుంచి వారికి రక్షణ ఉందని అయిదుగురిలో ముగ్గురు అన్నారు. ఇటలీ భారతదేశపు నౌకాయాన స్వేచ్ఛను ఉల్లంఘించింది కనుక పరిహారం చెల్లించాలన్నారు. ఇది 2020లో. 2021 జూన్ 15న, ఇటలీ పది కోట్ల రూపాయలు జమ చేశాక, మృతుల కుటుంబాలకు నాలుగేసి కోట్లు, బోటు యజమానికి రెండు కోట్లు ఇవ్వమని చెప్పి సుప్రీంకోర్టు కేసు మూసివేసింది. 2022 జనవరిలో రోమ్‌లోనూ కేసు విచారణకు రాకుండానే ముగిసింది. ఆ డబ్బును నేను తేలిక చేయను; సముద్రంలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి మా వైపు దక్కేదాంతో పోలిస్తే అది చాలా పెద్ద మొత్తం. కానీ పదేళ్ళపాటు నడిచిన ఆ కేసులో, చెప్పుకునేదేమైనా ఉందా అని ఎవరూ ఎవరినీ అడిగే ఘట్టమే రాలేదు.

విచిత్రమేమిటంటే, ఇదే ఇటలీ పద్నాలుగేళ్ళ ముందు మనం నిలబడ్డ చోటే నిలబడింది. 1998 ఫిబ్రవరి 3న కవలేజ్ అనే కొండ ఊరి దగ్గర, అనుమతించిన ఎత్తుకంటే చాలా కింద దూసుకుపోయిన అమెరికా సైనిక విమానం రోప్‌వే తీగను తెంపి 20 మందిని బలిగొంది. ఇటలీ కోర్టుల్లో విచారించాలని అక్కడివారు పట్టుబట్టారు; అది విధి నిర్వహణ కనుక నాటో ఒప్పందం అడ్డు వచ్చింది. అమెరికాలో సైనిక కోర్టు పైలట్‌ను ఆ మరణాల విషయంలో నిర్దోషి అంది. విమానంలో తీసిన వీడియో టేపును మాయం చేసినందుకు మాత్రం ఆరు నెలలు వేసింది. ఆనాడు ఏ మాట విని ఇటలీ రగిలిపోయిందో, 2012లో అదే మాట మనకు వినిపించింది.

మనం మాత్రం ఎవరికి తీసిపోయాం? ఐక్యరాజ్యసమితి శాంతి దళాలకు అత్యధికంగా సైనికులను పంపే దేశాల్లో మనది ఒకటి. 1990 నాటి నమూనా ఒప్పందం ప్రకారం ఆ సైనికులు ఏ నేరం చేసినా, డ్యూటీలో ఉన్నా లేకున్నా, విచారించే అధికారం పంపిన దేశానికి మాత్రమే ఉంటుంది. నాటో ఒప్పందం ఆతిథ్య దేశానికి ఇచ్చిన సగం వాటా కూడా ఇక్కడ లేదు. కాంగోలో మన బలగాల మీద ఆరోపణలు వచ్చినప్పుడు విచారణ జరిపింది మన సైన్యమే. 1987 అక్టోబరులో శ్రీలంకలోని జాఫ్నా ఆసుపత్రిలో రోగులూ డాక్టర్లూ నర్సులూ, అక్కడికి మనమే పంపిన శాంతి దళం కాల్పుల్లో చనిపోయారు. లోపలి నుంచి తమిళ పులులు (ఎల్‌టీటీఈ) కాల్పులు జరిపారన్నది మనవారి వాదన. ఏ బహిరంగ న్యాయస్థానంలోనూ ఆ వాదనను ఎదురు ప్రశ్నలతో పరీక్షించినవారు లేరు. 1950 నాటి మన ఆర్మీ చట్టంలోని 70వ సెక్షన్, సైనికుడు పౌరుణ్ణి హత్య చేసినా, అత్యాచారం చేసినా అతన్ని సైనిక కోర్టు విచారించకూడదనీ, మామూలు కోర్టే విచారించాలనీ అంటుంది. సైనికులు మన జిల్లాలో నేరం చేస్తే మనకు దొరికే ఆ రక్షణకు ఆ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది: నేరం భారతదేశం వెలుపల జరిగితే సైనిక కోర్టుకు వెళ్ళవచ్చు.

సైనిక కోర్టులోనూ శిక్షకు ముందు ముద్దాయి మాట వింటారు. వినిపించనిది ఎక్కడో కాంగోలోని కివూ సరస్సు ఒడ్డున ఉండిపోయిన కుటుంబం మాట. 2005లో ఐక్యరాజ్యసమితి కోసం జోర్డాన్ రాయబారి జైద్ తయారు చేసిన నివేదిక, శాంతి సైనికుల కోర్టు మార్షల్‌ను నేరం జరిగిన దేశంలోనే జరపమని సిఫారసు చేసింది. దానికి మన చట్టం అడ్డు కాదు. సైనికుణ్ణి ఏ ప్రదేశంలోనైనా విచారించి శిక్షించవచ్చని ఆర్మీ చట్టం 124వ సెక్షన్ ఎప్పుడో రాసి పెట్టింది. ఆ సరస్సు ఒడ్డునున్న గోమా పట్టణంలో ఒక గది, ఆ ఊరి భాష తెలిసిన ఒక దుబాసీ, వెనక బెంచీ మీద పోయినవాడి తల్లి కూర్చునే చోటు ఏర్పాటు చేయడానికి కొత్త ఒప్పందమేదీ అక్కరలేదు.